పగ తీర్చుకునే నవల గారికి, జిరాక్సు దుకాణం నుంచి

మహారాజరాజశ్రీ ఆడియో ప్రతీకార నవల గారి సముఖమునకు,

కర్నూలులో కోర్టు పక్కన జిరాక్సు దుకాణం నడుపుకునే ఒక శ్రోత చేసుకుంటున్న విన్నపం. ఉత్తరం రాసేటప్పుడు ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దల నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడ మేము కుశలమే. మీ వైపు మాత్రం సగం కథ నడిచేసరికే కుశలంగా ఉన్నవాళ్లు కరువయ్యారు. అందుచేత ఆ మాటలో మా వంతు మాత్రమే రాస్తున్నాను.

ముందు మీ వల్ల కలిగిన మేలు చెప్పాలి. మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, యంత్రం వేడి కూడా తోడైన దుకాణంలో కూర్చుని మిమ్మల్ని విన్నాను. మీలో మొదటి నుంచి చివరి దాకా మంచే. మంచులో శవం, మంచులో అడుగుజాడలు, మంచులో 20 ఏళ్లు కాచుకుని కూర్చున్న కథానాయకుడు. కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు మీ మంచు కాస్త పనిచేసిందనే చెప్పాలి. అంతవరకు కృతజ్ఞుడిని.

ఇక ఫిర్యాదులు. మీ కథ జరిగేది ఎక్కడో ఉత్తరాన, మా మ్యాపులో వెతుక్కోవలసిన దేశంలో. అక్కడి పేర్లు పలకలేక చదివే ఆయనే రెండుచోట్ల తడబడ్డారు. మరి ప్రతినాయకుడు నోరు తెరవగానే రాయలసీమ యాస ఎలా వచ్చింది? కథానాయకుడు వార్తలు చదివేంత శుభ్రంగా మాట్లాడతాడు. పోలీసు అధికారి అంతే, డాక్టరమ్మ అంతే. గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టే ముసలాయన కూడా అంతే. నలుగురిని చంపించినవాడు ఒక్కడే మా ఊరివాడు. ఆ మంచుదేశానికి కర్నూలు నుంచి బస్సు ఉన్నట్టు మాకు ఇంతవరకు తెలియదు. అది డోన్, గుత్తి మీదుగా వెళ్తుందో, నంద్యాల మీదుగా వెళ్తుందో చెప్పండి. నాలుగు జొన్నరొట్టెలు, కాస్త శనగకాయల పొడి కట్టుకుని బయలుదేరేవాళ్లు ఉన్నారు.

ఇది మీరు కనిపెట్టిన పాపం కాదని నాకూ తెలుసు. తెర మీద సుమోలు గాల్లోకి లేచినప్పుడల్లా వాటి కింద చూపించే నేల మాదే. కొండారెడ్డి బురుజు అచ్యుతదేవరాయల నాటి కోటలో మిగిలిన ముక్క. సాయంత్రం పూట అక్కడికి వెళ్తే కనిపించేది ఫోటోలు దిగే జంటలు, ఐస్‌క్రీము కోసం పేచీపెట్టే పిల్లలు. సినిమాలు చూసి వచ్చిన బయటి ఊరివాళ్లు మాత్రం ఎవరు ఎవరిని నరుకుతారోనని కాసేపు నిలబడి చూసి, ఏమీ జరగకపోయేసరికి కొంచెం నిరాశగా వెళ్లిపోతారు. అయినా సినిమాకు బొమ్మ ఉంది. చేతిలో కత్తి చూపించి వీడు దుర్మార్గుడని చెప్పగలదు. మీకున్నది గొంతు ఒక్కటే. అందుకని మా మాటతీరునే కత్తిగా వాడుకున్నారు.

పగ కథను చెవితో వినడం మీరు వచ్చి నేర్పిన విద్య అనుకుంటున్నారేమో. 1885లో మా పక్క కడప జిల్లాలోని సురభి గ్రామంలో, తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలవాళ్లు బొమ్మలు పక్కన పెట్టి తామే వేషాలు కట్టి ఆడిన నాటకం కీచకవధ. ఊరి పేరునే తన పేరుగా పెట్టుకున్న సురభి నాటక సమాజం పుట్టిందే ఒక పగతో అన్నమాట. అంతకన్నా పాత సంగతి ఇంకొకటి ఉంది. వానలు మొహం చాటేసిన ఏట మా వైపు పల్లెల్లో గుడి దగ్గర విరాటపర్వం చదివిస్తారు. చదివితే వాన వస్తుందని నమ్మకం. కాబట్టి మా దగ్గర పగ కథకు ఒక పని అప్పగించి మరీ వింటారు. మీకు ఏ పని అప్పగించమంటారు?

విరాటపర్వం వినేవాళ్లను మీరు ఒకసారి చూడాలి. చదివే ఆయన పద్యం ముగించి అర్థం చెబుతుండగా ఎవరో ఒకాయన అడ్డుపడతాడు. అజ్ఞాతవాసం ముగియడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది కదా, భీముడు ఆగకూడదా అంటాడు. వెనక నుంచి ఒక పెద్దమ్మ, అవమానం జరిగింది ద్రౌపదికి, ఆగమని చెప్పడానికి నీదేం పోయిందని గద్దిస్తుంది. వాదన ముదురుతుంది. కీచకుడు చావడానికి సిద్ధంగా ఉండి కూడా అరగంట బతికిపోతాడు. చివరికి చస్తాడు. కానీ కథ అక్కడ ఆగదు. ఆ చావు వార్త హస్తినాపురానికి చేరుతుంది. కీచకుడిని ఆ తీరున చంపగలవాడు భీముడే అయి ఉండాలని దుర్యోధనుడికి అనుమానం వస్తుంది. ఒకవైపు సుశర్మ, ఇంకోవైపు కౌరవులు వచ్చి విరాటుడి ఆవులను తోలుకుపోతారు. రాత్రి నర్తనశాలలో ఒకడు చస్తే తెల్లవారి ఎవరి ఆవులు పోతాయో, మా వాళ్లు చెవులు రిక్కించి వినే భాగం అది. మీలో 11 మంది చచ్చారు. ఒక్క ఆవు పోలేదు.

మిమ్మల్ని మధ్యలో ఆపి అడుగుదామంటే ఆ వీలు లేదు. ఒక మీట నొక్కితే 15 సెకన్లు వెనక్కి వెళ్లి, అన్న మాటే మళ్లీ అంటారు. అడిగినదానికి జవాబు చెప్పకుండా అన్న మాటే మళ్లీ అనేవాళ్లు మాకు ప్రభుత్వ ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. దానికి నెలనెలా చందా కట్టనక్కరలేదు.

ఇప్పుడు నా వృత్తి సంగతి. పగ నా దుకాణానికి నల్లకోటు వేసుకుని రాదు, కత్తి పట్టుకుని అసలు రాదు. బట్టల దుకాణంవాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. విప్పితే లోపల ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, జామీను కాగితాలు, అన్నిటికీ అడుగున అసలు గొడవకు మూలమైన గట్టు తాలూకు పాత దస్తావేజు. పేజీకి రెండు వైపులా తీయమంటారు, కాగితం ఖర్చు తగ్గుతుందని. ఫిర్యాది తరఫువాళ్లు, ముద్దాయి తరఫువాళ్లు నా బెంచి మీదే కూర్చుంటారు. నీడ అక్కడే ఉంది మరి. ఒకరు యంత్రంలో కాగితం మరచిపోతే అవతలివాళ్లు పిలిచి ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు. వాయిదా పడిందని తెలియగానే రెండు వర్గాలూ ఒకేసారి లేస్తాయి. ఊరికి మధ్యాహ్నం పూట ఉన్నది ఒకటే బస్సు.

మీ కథానాయకుడి జీవితంలో వాయిదా అనే మాటే లేదు. జడ్జిగారు సెలవులో లేరు, వకీలు వేరే కోర్టులో లేడు, సాక్షి అడ్డం తిరగలేదు. పోనీ, ఆ 20 ఏళ్లూ ఆయన తిండి ఖర్చు ఎవరు భరించారు? మూడు దేశాలు తిరిగాడు, నాలుగు పాస్‌పోర్టులు చేయించుకున్నాడు, కొండమీద ఇల్లు అద్దెకు తీసుకుని కిటికీలోంచి దుర్భిణి పెట్టి చూశాడు. అద్దె అడ్వాన్సు ఎంత కట్టాడో ఒక్క అధ్యాయంలోనూ చెప్పలేదు. మా దగ్గర పగబట్టినవాడు మొదట అమ్మేది బోరు ఉన్న పొలం, తర్వాత ఎద్దులు, తర్వాత ఇంటావిడ మెడలోది. తాత మొదలుపెట్టిన పగకు మనవడు వడ్డీ కడుతుంటాడు. ఆ మనవడు ఒకరోజు వచ్చి ఇక చాలు అంటాడు. హత్య కేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు. కాబట్టి సాక్షులందరికీ ఒకేసారి మతిమరుపు వస్తుంది. మా రాజీ అదే. మీ భాషలో దీన్ని ఊహించని మలుపు అంటారనుకుంటాను. నేను మాత్రం ముందు రోజే ఊహిస్తాను, ఆ రోజు జిరాక్సులు తగ్గుతాయి కాబట్టి.

ఇంకొక చిక్కు. 1860 నాటి శిక్షాస్మృతిలో హత్యకు 302. బడి మొహం చూడనివాడికి కూడా మా వైపు ఆ అంకె తెలుసు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అది 103 అయింది. అంతకు ముందు జరిగిన నేరాలు పాత అంకెతోనే నడుస్తున్నాయి. కాబట్టి నా బల్ల మీద ఇప్పుడు రెండు రకాల కట్టలు ఉంటాయి, పాత పగలు ఒకవైపు, కొత్త పగలు ఒకవైపు. మీలోని 11 చావులను ఏ కట్టలో పెట్టమంటారు?

పగబట్టే జాతి అని ప్రతినాయకుడికి మా యాస పెట్టారు కదా, మా బాకీల పట్టీ కూడా ఒకసారి చూడండి. 1800లో నిజాం తన దగ్గర ఉంచుకున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద మమ్మల్ని ఊళ్లతో సహా కంపెనీకి రాసిచ్చాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. పన్నుల లెక్క తేల్చడానికి వచ్చిన కంపెనీ దొర థామస్ మన్రో మీద కత్తులు నూరామా? ఆ తర్వాత మద్రాసు గవర్నరై తిరిగి వచ్చిన ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోతే, మా పెద్దలు తమ పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలును ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిని చేశారు. ఆఫీసులకు భవనాలు చాలక గుడారాలు వేశారు. 1956లో రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. సామాను లారీలకు ఎత్తేటప్పుడు మా వాళ్లు ఒక చేయి కూడా వేసే ఉంటారు.

పట్టీలో ఇంకొక పద్దు ఉంది. కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తీసి ఊరుకోలేదు. ఆయన తలను 1877 దాకా కోట మీద వేలాడదీసి ఉంచారు. అంటే మనిషి చనిపోయాక కూడా 30 ఏళ్లు కోపం దించుకోనిది మొదట కంపెనీ, తర్వాత రాణిగారి ప్రభుత్వం. మీ చదివే ఆయన వాళ్లకు ఏ యాస పెడతారు?

మీ వేగం సంగతి ఎక్కువ చెప్పను. మా మేనల్లుడు మిమ్మల్ని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటాడు. 20 ఏళ్ల పగను బస్సు గుత్తి చేరేలోపు తీర్చేసుకుని, పామిడి నుంచి ఇంకో పగ మొదలుపెడతాడు.

ఒక రాత్రి ఇయర్‌ఫోన్లు ఛార్జింగులో ఉంటే మిమ్మల్ని ఫోను స్పీకరులోనే పెట్టాను. మా అమ్మ పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మీ పతాక సన్నివేశం వచ్చింది. ప్రతినాయకుడి చావుకు మీరు ఒక అధ్యాయం మొత్తం ఖర్చుపెట్టారు, వెనక వయొలిను కూడా పెట్టించారు. అమ్మ ఆ వయొలిను దాకా రాలేదు. గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఆ గేటు దగ్గర చచ్చినవాడు ఎవరు నాయనా?" అంది.

"కాపలావాడమ్మా."

"వాడేం చేశాడు?"

"ఏమీ చేయలేదు. లోపలికి వెళ్లే దారిలో ఉన్నాడు."

"పేరేమిటి?"

"పేరు చెప్పలేదు."

"పెళ్లయిందా? పిల్లలెంతమంది? జీతం మీద ఉన్నాడా, ఊరివాడేనా?"

వెనక్కి వెళ్లే మీట నొక్కి మళ్లీ విన్నాం. రెండు వాక్యాలు. మొదటిదానిలో వాడు సిగరెట్టు వెలిగించాడు, రెండోదానిలో చచ్చాడు. అమ్మ మిగతా కథ వినలేదు. వాడి సంగతి తేలాక పిలవమని చెప్పి చింతపండు చేట లోపల పెట్టేసింది.

త్వరలో రెండో భాగం వస్తుందని చివర్లో మీరే ప్రకటించారు. అందులో మీ కథానాయకుడిని వెతుక్కుంటూ ఎవరో బయలుదేరతారట. వచ్చేది ఆ కాపలావాడి కొడుకే అయితే, వాడు బండి ఎక్కేలోపు వాళ్ల నాన్న పేరు, ఊరు, ఇంట్లో ఎంతమంది ఉన్నదీ చదివించండి. వాడికి ఎవరు ఎంత అప్పు ఇచ్చి పంపుతున్నారో కూడా. అమ్మకు ఎడమ చెవి కాస్త మందం, చదివే ఆయనను కొంచెం గట్టిగా చదవమనండి.

ఇట్లు,
చందా ఇంకా రద్దు చేసుకోని తమ శ్రోత,
కర్నూలు