వంకలేని భక్తుడు

పర్యావరణాన్ని పాడుచేయడం కూడా పాపమేనని పోపు ఫ్రాన్సిస్ 2015లో విశ్వలేఖ (సభ అంతటికీ పోపు రాసే ఉత్తరం) రాసినప్పుడు, కడపలో అందరికంటే ముందు టెన్షన్ పడింది నేనే. పేరు 'లౌదాతో సీ'. 246 పేరాలు. నా గురించి ఎక్కడైనా రాశారేమోనని చివరిదాకా వెతికాను. లేదు.

211వ పేరా దగ్గర ప్రాణం లేచొచ్చింది. అక్కర్లేని లైట్లు ఆర్పడం, నీళ్లు పొదుపుగా వాడడం, తినగలిగినంతే వండడం, చెట్లు నాటడం, ఇవీ అక్కడ చెప్పిన మంచి పనులు. బీరకాయ తొక్కునైనా పారేయకుండా పచ్చడి చేసే ఇల్లు మాది. 55వ పేరాలో ఏసీల మీద ఒక విసురు ఉంది గానీ, పాపం, ఆయన మే నెలలో మా ఊళ్లో ఒక్క మధ్యాహ్నం కూడా గడపలేదు.

అసలు చిక్కు బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండంతో. దేవుడు నరుణ్ని ఏదెను తోటలో పెట్టింది దాన్ని సేద్యం చేయడానికీ, కాయడానికీ అని రెండో అధ్యాయం. పోపుగారు ఆ మాటనే పట్టుకున్నారు. కానీ రెండుకు ముందు ఒకటి రాదా? మొదటి అధ్యాయంలో భూమిని 'లోపరచుకొనుడి' అని ఉంది. మా వీధివాళ్లం ఆ ముక్కను పొల్లు పోకుండా పాటించాం. మా ఇళ్ల వెనక, ఊళ్లోంచి పారే బుగ్గవంక అనే వాగులో కలిసే ఒక పిల్లవంక ఉంది. అంటే, ఉండేది.

లోపరచుకోవడానికి ఒక పద్ధతుంది. మొదటి ఏడాది ఇంటి రిపేరు పేరు చెప్పి, పగిలిన ఇటుకలూ మట్టీ రెండు ట్రాక్టర్లు వంకలో పోయించాలి. ఎవరూ అడగరు, వాళ్ల ట్రాక్టర్లు మన వెనకే నిలబడి ఉంటాయి. రెండో ఏడాది మునగ మొక్క నాటాలి (211వ పేరాను పోపుగారు రాయకముందే పాటించినవాణ్ని). మేకలు మొక్కను కొరుకుతున్నాయని మూడో ఏడాది చుట్టూ కడప బండలు పాతాలి. నాలుగో ఏడాది బాత్రూం. ఎవరైనా టేపు పట్టుకొని కొలవడానికి వస్తారన్న అనుమానముంటే, గోడ మూలన మరియమాతకు చిన్న గుహ కట్టి నీలం బల్బు వెలిగించాలి. వచ్చినవాడు చెప్పులు విడిచి, దండం పెట్టుకొని, టేపు చుట్టుకొని పోతాడు.

ఆ విశ్వలేఖకు చాలా ముందు, 2001 నవంబరులో, బుగ్గవంక పొంగి ఊళ్లోకి వచ్చింది. వంక మా ఇళ్లలోకి దూరిందని అందరం తిట్టాం. ఎవరింట్లోకి ఎవరు దూరారనే ప్రశ్న అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నీళ్లు దిగాక గోడ మీద మిగిలిన బురద గీత పైనే సున్నం కొట్టించాను.

అయినా నా భక్తికి లోటు రానివ్వలేదు. నీటిని చెల్లెలని పిలిచి పాడిన ఇటలీ సన్యాసి, అస్సీసీ ఫ్రాన్సిస్‌ను 1979లో పర్యావరణానికి పాలక పునీతుడిగా (కాపుకాసే సెయింటుగా) ప్రకటించారు కదా, క్రిస్మస్ పశువుల పాకకు ఆద్యుడూ ఆయనే. 1223లో గ్రెచ్చో అనే ఊళ్లో గడ్డి పరిచి, నిజం ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టాడు. నేను ఆయన గౌరవార్థం ఏటా థర్మోకోల్‌ను కొబ్బరిలా తురిమి పాక మీద మంచు కురిపిస్తాను. వెండి కాగితంతో ఒక యేరు కూడా చేస్తాను, అందులో రెండు ప్లాస్టిక్ బాతులు. జనవరిలో మా ఆవిడ ఆ మంచునంతా చీపురుతో పోగుచేసి, "యాడ పోయాలబ్బా?" అంటుంది. గోడ అవతలికి చెయ్యి చూపిస్తాను.

ఒకసారి మాత్రం గుండె గుభేలుమంది. 1987లో అప్పటి పోపు రెండో జాన్ పాల్ ఒక విశ్వలేఖలో 'పాపపు నిర్మాణాలు' అన్నారని ప్రసంగంలో విన్నాను. నా బాత్రూం సంగతి రోమ్ దాకా పోయిందనుకున్నా. కాదట, సమాజంలో అందరి స్వార్థం కలిసి పేరుకున్న ఏర్పాట్లని అర్థమట. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అందరిదీ అయితే ఊరందరికీ పంచాలి. పంచితే నా వాటాకు సబ్బు నురగంత కూడా రాదు. అయితే వ్యక్తిగత బాధ్యత దీంతో తీరిపోదని కూడా ఆయన అన్నారట. ఆ ముక్క చెప్పేటప్పటికి నేను బండి తీయడానికి బయటికి వచ్చేశాను.

మొన్న ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలంలో, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి, దాచకుండా అన్నీ చెప్పాను. రెండుసార్లు ఫ్యాను ఆపడం మరిచాను. ఒకసారి సంచి లేకుండా మార్కెట్‌కు పోయాను. ఫాదర్ ఈ జిల్లావారే. కాసేపు మాట్లాడలేదు.

"మీ బాత్రూం నీళ్లు యాడికి పోతాయి నాయనా?"

"వంకలోకి, ఫాదర్."

"వంక యాడుంది?"

"బాత్రూం కింద, ఫాదర్."

ప్రాయశ్చిత్తంగా మరియమాతకు మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. ఆ గుహ దగ్గర మాత్రం వద్దన్నారు.