చివరి తూము దగ్గర పరీక్ష పెట్టండి

నెట్‌వర్కింగ్ చదువుల్లో పెద్ద పరీక్షగా పేరున్న సీసీఐఈ ల్యాబ్‌ను బెంగళూరులో పెట్టడం సాగర్ ఎడమ కాలువ చివరి ఊళ్లకు జరిగిన ఘోర అన్యాయం. ఆ కేంద్రాన్ని వెంటనే మిర్యాలగూడ అవతల, మా అక్క వాళ్ల ఊరి చివరి తూము దగ్గరికి మార్చాలని, ఈ పరీక్ష పెట్టే సిస్కో కంపెనీకి సవినయంగా మనవి చేస్తున్నాను.

మా మేనల్లుడు మూడేళ్లుగా ఈ పరీక్షకు చదువుతున్నాడు. వడ్ల బస్తాల గదే వాడి ల్యాబ్. నెట్‌వర్క్‌లో సమాచారానికి దారి చూపే డబ్బాలు, అంటే మూడు సెకండ్ హ్యాండ్ రూటర్లు, రెండు స్విచ్‌లు బస్తాల మీదే ఉంటాయి. వాటి ఫ్యాన్ల మోతకు మేం గిర్ని పెట్టామనుకుని పక్కింటామె జొన్నలు పట్టుకొచ్చింది. వడ్ల దుమ్ము పేరుకుంటే రూటర్ వేడెక్కి ఆగిపోతుంది. అప్పుడు వాడు వంటింట్లోంచి పొయ్యి ఊదే గొట్టం తెచ్చి, మసి అంటకుండా మూతికి గుడ్డ చుట్టి, చెంపలు ఉబ్బించి ఊదుతాడు. ఇది ఏ సిలబస్‌లోనూ లేదు. రూటర్ లేచేది మాత్రం దీనితోనే.

పరీక్ష ఎనిమిది గంటలు. మొదటి 3 గంటలు డిజైన్, మిగతా 5 గంటలు కట్టడం, చెడింది బాగుచేయడం. ఫీజు లక్ష దాటుతుంది. 1993లో ఇది మొదలైనప్పుడు పాసైనవాళ్లకిచ్చే నంబర్లలో మొట్టమొదటిదైన 1024ను మనిషికి కాకుండా ల్యాబ్‌కే ఇచ్చుకున్నారట. నేనైతే తప్పు పట్టను. మొదటి కొబ్బరికాయ బొడ్రాయికే కొట్టాలి.

ఇక అసలు విషయం. నెట్‌లో సమాచారం చిన్న చిన్న మూటలుగా పోతుంది, ఆ మూటే ప్యాకెట్. ప్రతి ప్యాకెట్ మీదా టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా అందులో ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ప్యాకెట్‌ను అక్కడే పారేస్తారు. అల్లుడు ఇది చెబుతుంటే మా బావ బీడీ ఆర్పి, "ఇది మా కాలువ సంగతే గదరా" అన్నాడు. ఒక్కో తూము దగ్గర ఇంత తగ్గి తగ్గి, మా ఊరికొచ్చేసరికి సున్నా. కాకపోతే ప్యాకెట్‌ను పారేసిన రూటర్, ఫలానా చోట నీ ప్యాకెట్ చచ్చిపోయిందని పంపినవాడికి కబురు పెడుతుంది. ఆ పాటి మర్యాద మా పై ఊళ్లవాళ్లకు లేదు.

అందుకే ఆ కబురు మేమే తెచ్చుకుంటాం. రాత్రి పదకొండుకు బావ టార్చిలైటు పట్టుకుని, బండి మీద కాలువ గట్టు వెంబడి ఒక్కో తూము దగ్గరా ఆగుతూ పైకి పోతాడు. ఎక్కడ గండి కొట్టారో, ఎక్కడ మోటారు వేశారో చూసొస్తాడు. ప్యాకెట్ ఏ ఏ రూటర్లు దాటిందో ఇలాగే ఒక్కొక్కటిగా కనుక్కోవడాన్ని ట్రేస్‌రూట్ అంటారని అల్లుడు చెప్పాడు. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అంటే ఆ సర్టిఫికెట్ కన్నా మా అనుభవం 26 ఏళ్లు సీనియర్. వాళ్లకు మూడేళ్లకోసారి రెన్యువల్, మాకు వానాకాలం, యాసంగి రెండింటికీ పరీక్షే.

రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో ఒకే తీగ మీదున్న రూటర్లన్నీ కలిసి ఒక పెద్దను ఎన్నుకుంటాయి. ఒకసారి కుర్చీ ఎక్కాక, అంతకన్నా ఎక్కువ అర్హత ఉన్న రూటర్ వచ్చినా ఆ పెద్ద దిగదు. అది పడిపోతేనే మళ్లీ ఎన్నిక. ఇది రాసినవాళ్లు ఎప్పుడో మా వైపు వచ్చిపోయారని నా అనుమానం.

నాకు బాగా నచ్చింది బీజీపీ, అంటే పెద్ద పెద్ద నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి సంబంధం కలుపుకుని దారులు చెప్పుకునే పద్ధతి. అందులో 'యాక్టివ్' అని ఒక దశ ఉంది. పనిచేస్తోందని కాదు, సంబంధం ఇంకా కుదరలేదు, ప్రయత్నం నడుస్తోందని అర్థం. ఉద్యోగాల సైట్లలో మావాడి ప్రొఫైల్ మూడేళ్లుగా యాక్టివ్‌గానే ఉంది. పెళ్లి సంబంధాల సైట్లో కూడా.

మొన్న మా వంతు నీళ్ల రాత్రి బావకు జ్వరమొచ్చింది. అక్క వాణ్ని లేపి, "ఆ డబ్బాలు తర్వాత ఊదుదువుగానీ, పోయి తూము కాడ కూసో" అంది. వాడు ల్యాప్‌టాప్, చెద్దరు పట్టుకుని పోయాడు. తెల్లవారి నేను ఫోన్ చేశాను.

"నీళ్లొచ్చినయా అల్లుడూ?"

"యాక్టివ్‌ల ఉంది మామా."