వైరస్‌కు విడిదిల్లు

మన ఊళ్లలో ఏ జెరాక్స్ షాపుకెళ్లినా కౌంటర్ కింద దుమ్ముపట్టిన సీపీయూ ఒకటి ఉంటుంది. దాని ముందువైపు యూఎస్‌బీ పోర్టు చుట్టూ ప్లాస్టిక్ అరిగి తెల్లబడి ఉంటుంది. ఆధార్ కార్డు, ర్యాంకు కార్డు, గృహప్రవేశం శుభలేఖ, దినం కార్డు, ఊరి మంచీ చెడూ అంతా ఆ ఒక్క కన్నంలోంచే పోవాలి. రిటైరైన హెడ్ మాస్టారు ఒకాయన పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ప్రింటు తీయించుకుందామని అక్కడికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లారు. పది రూపాయలిచ్చి కాగితం తెచ్చుకున్నారు. కాగితం మీద మాస్టారు నిక్షేపంగా ఉన్నారు. అదే పెన్‌డ్రైవ్‌లో ఉన్న అమ్మాయి పెళ్లి ఫోటోలు మాత్రం కనపడకుండా పోయాయి.

పోయాయంటే పూర్తిగా పోలేదు. కాశీయాత్ర, తలంబ్రాలు, అప్పగింతలు, అన్ని ఫోల్డర్లూ పేర్లతో సహా ఉన్నాయి. కాకపోతే ప్రతి బొమ్మకీ ఎడమవైపు కింద చిన్న వంకర బాణం మొలిచింది. సైజు చూస్తే ఒక్కొక్కటీ రెండు కేబీ.

"మూడు రోజుల పెళ్లి రెండు కేబీలేమిటే?" అన్నారు మాస్టారు.

"ఫోటోగ్రాఫరుకి ముందే చెప్పాను, మా వైపు వాళ్లని సరిగ్గా తీయలేదని" అంది మాస్టారి ఆవిడ.

ఇక్కడ కంగారుపడే ముందు చూడాల్సింది ఒకటుంది. దిస్ పీసీలో (పాత విండోస్‌లో దాని పేరు మై కంప్యూటర్) పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే పదహారు జీబీలో పదకొండు జీబీ నిండే ఉంది. అంటే పెళ్లి భద్రంగానే ఉంది, తెర వెనక ఉంది. షార్ట్‌కట్ వైరస్ చేసే పని ఇదే. అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే రెండు ముద్రలు వేసి దాచేస్తుంది. వాటి స్థానంలో అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. ఈ సంగతి తెలియక ఎదురింటాయన మాట విని "ఫార్మాట్ కొట్టేస్తే పోతుంది" అని కొట్టేసినవాళ్లకు వైరస్ పోయిన మాట నిజమే. ఫోటోలు కూడా దానితోపాటే పోయాయి.

ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంటుంది, అందుకే చాలా ఇళ్లలో నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. గుట్టు తెలియాలంటే షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో టార్గెట్ అనే గడి చదవాలి. మాస్టారి కాశీయాత్ర టార్గెట్‌లో మొదట విండోస్‌లో కమాండ్లు నడిపే సీఎండీ డాట్ ఈఎక్స్ఈ ఉంది, దాని వెనక అర్థంపర్థం లేని అక్షరాలతో ఒక పేరు, చివర డాట్ వీబీఎస్, అంటే అదొక స్క్రిప్టు, కంప్యూటర్ చదివి అమలు చేసే ఆజ్ఞల చిట్టా. ఆ తర్వాత ఒక ఆంపర్సాండ్ (&) గుర్తు, ఆపైన ఎక్స్‌ప్లోరర్, అసలు ఫోల్డర్ పేరు. మొదటి సగం వైరస్‌ని లేపుతుంది, రెండో సగం మీ ఫోల్డర్ని తెరిచి చూపిస్తుంది. లంచం తీసుకున్నా పని మాత్రం చేసిపెట్టే గుమస్తా అన్నమాట, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.

మాస్టారి మేనల్లుడు కూకట్‌పల్లిలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాడు. అతను పరీక్షించేది ఒక బ్యాంకు లోన్ల పేజీ. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే ప్రింటరు ఇంకు మొదలు సెట్‌టాప్ బాక్సు దాకా అన్నీ తెలిసుండాలని బంధువర్గం తీర్మానం. ఫోన్ వెళ్లింది.

"మావయ్యా, విండోస్ మీటా ఆర్ మీటా కలిపి నొక్కి, సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి."

"నల్లబోర్డు వచ్చిందిరా."

"పెన్‌డ్రైవ్ ఏ అక్షరం చూపిస్తోంది? జీ కదా? జీ కొట్టి, పక్కన కోలన్ పెట్టి, ఎంటర్. ఇప్పుడు జాగ్రత్తగా కొట్టండి. యాట్రిబ్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్..."

చాలాసేపు టకటకలు వినిపించాయి.

"ఇది లోపలి కమాండూ కాదు, బయటి కమాండూ కాదు అంటోందిరా."

"ఏం కొట్టారో చదవండి మావయ్యా."

"ఏ, డబుల్ టీ, ఆర్, ఐ, బీ. తర్వాత ఎస్, పీ, ఏ, సీ, ఈ..."

"స్పేస్ అంటే ఖాళీ వదలమని మావయ్యా!"

"ఖాళీ అయితే ఖాళీ అని చెప్పాలి. ముప్పై ఏళ్లు డిక్టేషన్ చెప్పినవాణ్ణి, నాకా చెప్తావు?"

స్లాష్ దగ్గర మరో పావుగంట పోయింది. కుడికి వాలిన గీతా, ఎడమకి వాలిన గీతా? ప్రశ్నార్థకం ఉన్న మీటే నొక్కాలి, షిఫ్ట్ పట్టుకోకుండా. స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ డీ, ఖాళీ, స్టార్ డాట్ స్టార్, ఎంటర్. స్లాష్ ఎస్ అంటే లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళ్లమని, స్లాష్ డీ అంటే ఫోల్డర్లకు కూడా ముద్ర తీయమని. మైనస్ ఎస్ మర్చిపోయి మైనస్ హెచ్ ఒక్కటే కొడితే కమాండు మొరాయిస్తుంది, సిస్టమ్ ఫైలు జోలికి పోనంటుంది. రెండు ముద్రలూ ఒకేసారి తీయాల్సిందే. జీ బదులు సీ డ్రైవ్‌లో ఉండి కొట్టారో, విండోస్ తన కోసం దాచుకున్న ఫైళ్లన్నీ వీధిలోకొస్తాయి. డెస్క్‌టాప్ మీద ఎన్నడూ చూడని డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐలు ప్రత్యక్షమవుతాయి.

ఫోల్డర్లు బయటపడ్డాయి. వాటితోపాటు సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అని ఒకటి కూడా వచ్చింది. "దొరికిందిరా దొంగ!" అని మాస్టారు దాని మీద డిలీట్ నొక్కుతూ కూర్చున్నారు. అది విండోస్ సొంత సామాను, పాపం దానికేమీ తెలియదు. మరికొన్ని రకాల వైరస్‌లు ఇంకో తమాషా చేస్తాయి. పేరే లేని ఒక ఫోల్డర్ సృష్టించి, ఫైళ్లన్నీ అందులోకి నెట్టేస్తాయి. పేరు చోట కంటికి కనిపించని ఖాళీ అక్షరం ఒకటుంటుంది. దాన్ని చెరిపేయకూడదు, తెరిచి ఫైళ్లు బయటికి కట్ పేస్ట్ చేసుకోవాలి. పేరు లేదు కదా అని తీసిపారేస్తే పెళ్లంతా అందులోనే ఉంటుంది.

మాస్టారు బాణం ఉన్న షార్ట్‌కట్లన్నీ ఎంచి ఎంచి చెరిపారు. ఆవిడ ఫిల్టర్ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టేలోపు అన్నీ తిరిగొచ్చాయి. మళ్లీ చెరిపారు. మళ్లీ వచ్చాయి. గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కకు ఆకులు తుంచినట్టు ఇలా ఎన్నిసార్లు చేసినా అంతే. వైరస్ ఉన్నది పెన్‌డ్రైవ్‌లో ఒక్కచోటే కాదు. అది ఎప్పుడో సీ డ్రైవ్‌లోకి దిగింది. అక్కడ నడుస్తూ, కొన్ని సెకన్లకోసారి తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ తడిమి, బాణాలు లేనిచోట బాణాలు పెడుతోంది. ఈ జబ్బులో జనం చేసే ప్రధానమైన తప్పు ఇదే, వరస తప్పడం. ముందు నడిచేదాన్ని ఆపాలి, తర్వాత దాన్ని లేపేవాణ్ణి పట్టుకోవాలి, ఆపైన ఫైలు తీయాలి, పెన్‌డ్రైవ్ సంగతి అన్నిటికన్నా చివర.

అసలీ బాణాల గోల ఎందుకు పుట్టిందంటే, పూర్వం వైరస్‌లకు ఇంత శ్రమ ఉండేది కాదు. ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే చీటీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పడేస్తే, తగిలించగానే విండోస్ స్వయంగా వైరస్‌ని ఆహ్వానించేది. విండోస్ 7 నుంచి యూఎస్‌బీలకు ఆ మర్యాద తీసేశారు. 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్‌లో ఆపేశారు. తలుపు మూసేసరికి, మన చేత్తో మనమే తెరిచే ఉపాయం కనిపెట్టారు. 2014లో మైక్రోసాఫ్ట్ కోర్టుకెక్కి మరీ దెబ్బకొట్టిన జెంక్సస్ అనే వైరస్ ఈ వంశంలోదే. బాణాలు పెట్టడం దానికి ఊరూరా తిరగడానికి వాహనం మాత్రమే. అసలు పని, దూరంగా కూర్చున్నవాడు చెప్పిన ఆజ్ఞ మీ కంప్యూటర్లో అమలు చేయడం.

మేనల్లుడు ఆదివారం స్వయంగా వచ్చాడు. వస్తూనే వైఫై ఆపాడు, పెన్‌డ్రైవ్ పీకి పక్కన పెట్టాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. డీటెయిల్స్ ట్యాబ్‌లో డబ్ల్యుస్క్రిప్ట్ డాట్ ఈఎక్స్ఈ నడుస్తోంది. ఎండ్ టాస్క్.

"దాన్నే డిలీట్ చేసెయ్యరా" అన్నారు మాస్టారు.

చెయ్యకూడదు. డబ్ల్యుస్క్రిప్ట్ విండోస్‌దే, ఎవరే స్క్రిప్టు చేతిలో పెడితే అది చదివిపెడుతుంది. పెట్టినవాడెవడో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చిట్టాలో రాసుంటుంది. రెజ్ఎడిట్ తెరిచి, హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వర్షన్, రన్ అని ఒక్కో మెట్టే దిగాలి. కుడివైపు జాబితాలో డేటా కింద డబ్ల్యుస్క్రిప్ట్ పేరు, దాని పక్కన యాప్‌డేటాలోని రోమింగ్ ఫోల్డరు దారి, చివర ఆ వీబీఎస్ ఫైలు కనిపించాయి. ఇక్కడ చాలామంది ఆవేశంలో ఆ పద్దు వెంటనే చెరిపేస్తారు, తర్వాత ఫైలు ఎక్కడుందో తెలియక బుర్ర గోక్కుంటారు. ముందు దారి కాగితం మీద రాసుకోవాలి. లైఫ్ సర్టిఫికెట్ జెరాక్సు వెనకవైపు పనికొచ్చింది. తర్వాత పద్దు, ఆపైన ఆ దారిన వెళ్లి ఫైలు. ఫైలు కూడా దాగి ఉంటుంది కాబట్టి ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపమనడం ఒక్కటే చాలదు, "ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లు దాచు" అనే దాని టిక్కు కూడా తీయాలి. తీస్తుంటే విండోస్ భయపెడుతుంది. భయపడకుండా యెస్ నొక్కి, పనయ్యాక మళ్లీ టిక్కు పెట్టేయాలి.

ఆ రావి మొక్కకు ఇది ఒక్క వేరు మాత్రమే. విండోస్, ఆర్ మీటలు నొక్కితే వచ్చే రన్ పెట్టెలో షెల్ కోలన్ స్టార్టప్ అని కొడితే తెరుచుకునే ఫోల్డర్లో రెండో కాపీ ఉంది. టాస్క్ షెడ్యూలర్‌లో మూడోదానికి టైం టేబుల్ వేసి ఉంది. ఇన్ని చోట్ల వెతికే ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్‌కే చెందిన సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కంప్యూటర్ లేవగానే లేచేవాళ్ల పేర్లన్నీ ఒకే కిటికీలో చూపిస్తుంది. పసుపురంగు వరస అంటే పద్దు ఉంది, ఫైలు లేదు అని. ఎండ్ టాస్క్ కొట్టినా మళ్లీ లేస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి, అక్కడ మళ్లీ రీస్టార్ట్ కొట్టి, నాలుగు అంకె నొక్కితే సేఫ్ మోడ్, అంటే విండోస్‌కు తప్పనిసరైనవి మాత్రమే లేచే పద్ధతి వస్తుంది. అక్కడ చాలామటుకు వైరస్‌లకు లేచే అవకాశం ఉండదు.

చివర విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్. విండోస్ లేవకముందే నడుస్తుంది, పావుగంట పని. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన ఇంట్లో ఆ పావుగంట కరెంటు ఉండాలి. ఉండలేదు. రెండోసారి మొదలుపెట్టి, ఆవిడ గ్రైండరు వేయకుండా మేనల్లుడు వంటింటి గుమ్మంలో కాపలా కూర్చున్నాడు.

కంప్యూటర్ శుభ్రపడింది. పెన్‌డ్రైవ్‌కు మళ్లీ యాట్రిబ్ చదివి, ఫోటోలు, పీడీఎఫ్‌లు మాత్రం ఏరి పక్కకు తీసి, మిగతాది ఫార్మాట్ కొట్టారు. ఇప్పుడు కొట్టొచ్చు. బాణాలు రాలేదు. మేనల్లుడు రాత్రి బస్సెక్కాడు.

బుధవారం బాణాలు వచ్చాయి.

జెరాక్స్ షాపుకి ఎవరూ వెళ్లలేదు. ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చెయ్యలేదని ఆవిడ తులసికోట మీద ఒట్టేసింది. ఆరా తీయగా తేలిందేమిటంటే, మాస్టారు మంగళవారం సాయంత్రం కారులో పెట్టుకునే పాటల పెన్‌డ్రైవ్ తెచ్చి, అందులోకి నాలుగు అన్నమయ్య కీర్తనలు ఎక్కించారు. మాస్టారి కారు స్టీరియోలో విండోస్ లేదు. అందులో వైరస్ నడవదు, చావదు కూడా. స్టీరియో పాటల ఫైళ్లు వెతికి పాడుకుంటూ పోతుంది, బాణాలు చూపించదు. కాబట్టి ఆరు నెలలుగా అక్కడ చల్లగా కూర్చున్నది, ఇంటికి రాగానే మాస్టారి క్లిక్కు ఒక్కటి అందుకుని పని మొదలెట్టింది. టీవీ వెనక గుచ్చినవి, పాత ఫోను మెమొరీ కార్డులు, వీడియోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్, ఇలాంటివన్నీ ఒకే రోజు ఒకే పళ్లెంలో పోసి శుభ్రం చేయకపోతే మందు సగమే వేసినట్టు. మాస్టారింట్లో పళ్లెం నిండింది. వాటిలో రెండు ఎవరివో ఇప్పటికీ తేలలేదు.

ఈసారి మేనల్లుడు పకడ్బందీగా కట్టుదిట్టం చేశాడు. ఈమెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్పించాడు, అదీ ఈ కంప్యూటర్ నుంచి కాదు, ఫోను నుంచి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ హైదరాబాద్ శాఖ వాళ్లు తయారుచేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వం వైరస్‌ల ఏరివేతకు సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలుపెట్టినప్పుడు విడుదల చేశారు, పాస్‌వర్డ్ చెప్పందే పెన్‌డ్రైవ్‌ని లోపలికి రానివ్వదు. మాస్టారు ఆ పాస్‌వర్డ్ మానిటర్ మీద చీటీ రాసి అంటిస్తారని తెలుసు కాబట్టి మేనల్లుడు వేరే దారి పట్టాడు. రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ స్క్రిప్ట్ హోస్ట్, సెట్టింగ్స్ దాకా వెళ్లి, ఎనేబుల్డ్ పేరుతో డీవర్డ్ అనే అంకెల గడి పెట్టి దానికి సున్నా ఇచ్చాడు. ఇక ఆ కంప్యూటర్లో వీబీఎస్ ఫైలు ఏదీ డబ్ల్యుస్క్రిప్ట్ చేతిలో నడవదు. విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ అనే మరో కమాండ్ పనిముట్టు మీద ఆధారపడే కొత్తరకాలను ఇది ఆపదు, అందుకు డిఫెండర్ అప్‌డేట్లే గతి. మాస్టారి పేటలో తిరిగే సరుకుకి మాత్రం ఈ సున్నా సరిపోతుంది.

సంక్రాంతికి తోడల్లుడు తన పెన్‌డ్రైవ్‌తో దిగాడు. గుచ్చి, బాణం ఉన్న ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేశాడు. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. ఈ మెషీన్‌లో విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ ఆపివేయబడింది, వివరాలకు మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి అని.

మాస్టారు ఫోను అందుకున్నారు.

"ఒరేయ్, ఎవరో అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించమంటోంది. ఆయన నంబరుందా నీ దగ్గర?"

"ఆ అడ్మినిస్ట్రేటర్ మీరే మావయ్యా."

"నేనా? మరి నేనే కదరా నిన్ను అడుగుతున్నది!"