‘అంతా మీ ఇష్టం డాక్టర్ గారూ’ అంటే ఏమిటి అర్థం?

పోయిన చలికాలంలో మా పెద్దమ్మను ఆస్తమా ఆయాసానికి చూపించాలని హైదరాబాద్‌లోనే ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. పొద్దున టోకెన్ తీసుకుంటే మధ్యాహ్నం పిలిచారు. నాలుగు నిమిషాల్లో చీటీ రాసేసి, "రోజూ పంపు (ఇన్‌హేలర్) వాడాలి, సరేనా అమ్మా?" అన్నారు డాక్టర్. "అంతా మీ ఇష్టం డాక్టర్ గారూ" అంది పెద్దమ్మ. మందుల షాపు మెట్లు దిగుతూ నన్ను పట్టుకుంది: "ఒరేయ్, ఇందులో ఉన్నది స్టెరాయిడా? ఒకసారి మొదలుపెడితే ఇక ఆపలేమటగా?" లోపలే అడగొచ్చుగా అంటే, ఆయన టైం పాడుచేయడం ఎందుకంది.

తెలుసుకోవాలని ఉండటం వేరు, నిర్ణయం తనే తీసుకోవాలని ఉండటం వేరు. ఈ రెంటినీ విడివిడిగా కొలిచే ప్రశ్నావళి ఒకటి 1989లోనే అమెరికాలో వచ్చింది. అప్పటి రోగులకు సమాచారం కావాలన్న కోరికలో 100కు సగటున 80 దాకా వస్తే, నిర్ణయాధికారం కావాలన్న కోరికలో 33 మాత్రమే వచ్చింది. జబ్బు ముదిరేకొద్దీ ఆ రెండోది ఇంకా తగ్గింది. ఈ లెక్కన పెద్దమ్మ అందరిలాంటి మనిషే. ‘మీ ఇష్టం’ అన్న మాటను ‘నాకేమీ చెప్పక్కర్లేదు’ అని అర్థం చేసుకోవడంలోనే పొరపాటంతా ఉంది.

పైగా ఆస్తమాలో అసలు నిర్ణయం ఆస్పత్రిలో జరగదు. ఆయాసం వచ్చినప్పుడు కొట్టే పంపు వెంటనే పనిచేస్తుంది కాబట్టి దాన్ని అందరూ నమ్ముతారు. రోజూ వాడాల్సిన రెండో పంపు, అంటే స్టెరాయిడ్ ఉన్నది, ఊపిరి గొట్టాల్లో వాపును నెమ్మదిగా తగ్గిస్తుంది. ఆ తేడా చెప్పకపోతే, కాస్త తేలికపడగానే రెండోదాన్నే ఆపేస్తారు. ఆ పంపులో ఒక్కో మోతాదు స్టెరాయిడ్ సాధారణంగా 100, 200 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదో వంతో ఐదో వంతో. ఆయాసం ముదిరితే ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు పదుల మిల్లీగ్రాముల్లో ఉంటాయి. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఏ మందు వాడాలో రోగితో కలిసి తేల్చుకున్నప్పుడు వాళ్లు మందులు మరింత క్రమంగా వాడారు.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం క్యూ కట్టేవాళ్లను చూడండి. కొర్రమీను పిల్లను మింగితే ఆస్తమా తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. కానీ ఆ క్యూలో నిలబడటం కూడా రోగి తీసుకున్న నిర్ణయమే. తిడతారన్న భయంతో దాన్ని డాక్టర్ దగ్గర ఎత్తనే ఎత్తరు.

అందుకే ఇలాంటి ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి ఇక్కడి ఓపీలో పంచితే సరిపోతుందని నేననుకోను. ‘మందుల సంగతి డాక్టరే తేల్చాలి’ అన్న వాక్యాన్ని తెల్లకోటు ముందు కాదనేవాళ్లు ఎంతమంది? అడిగేది డాక్టర్ కాకూడదు. పక్కన కొడుకో కోడలో ఉండకూడదు. నాలాంటి వాడు అసలే ఉండకూడదు. రెండోసారి వెళ్లినప్పుడు "పంపు వాడుతున్నారా?" అని డాక్టర్ పెద్దమ్మనే అడిగారు. "వాడుతోందండీ" అని జవాబిచ్చింది నేను.

ఇంటికొచ్చాక బీరువాలో ఆ పంపు కనిపించింది. నిండుగా ఉన్నప్పుడు 120 మోతాదులు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున వారం వాడినట్టుంది. వెనకాల అంకె 106 దగ్గర ఆగిపోయింది.