అల్లర్లకు కారణాలు వెతకాలా? లండన్ నుంచి ఒక వాదోపవాదం

2011 ఆగస్టు 4న ఉత్తర లండన్‌లోని టాటెన్‌హామ్‌లో మార్క్ డగ్గన్ అనే 29 ఏళ్ళ యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. రెండు రోజుల తర్వాత అతని కుటుంబం పోలీస్ స్టేషన్ ముందు నిలబడి జవాబు అడిగింది. గంటలు గడిచినా సరైన జవాబు రాలేదు. ఆ రాత్రి మొదలైన అల్లర్లు, దోపిడీలు బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ దాకా పాకాయి. అయిదుగురు చనిపోయారు. 2024లో ఇంగ్లండ్ మళ్ళీ తగలబడింది. ఈసారి మూక వేరు, గురి వేరు.

ఈ రెండింటి మీద ఒకే ఇంట్లో ఇద్దరి వాదన ఇది. పాత్రలు కల్పితం, వాళ్ళు తెచ్చే ఊరి సంగతులూ లెక్కలూ నిజం. మామయ్యది దక్షిణ లండన్‌లోని క్రోయిడన్‌లో కార్నర్ షాపు. మేనకోడలు ఇమ్మిగ్రేషన్ కేసులు చూసే లాయరు.

మామయ్య: 2011 ఆగస్టు 8 రాత్రి మా రోడ్డంతా షాపులు పగలగొట్టారు. నా షట్టర్ వంచి లోపలికొచ్చినవాళ్ళు సిగరెట్లు, మందు సీసాలు, చివరికి గల్లాపెట్టె కూడా ఎత్తుకెళ్ళారు. బియ్యం బస్తా ఒక్కటీ కదల్లేదు. అవతల రీవ్స్ వాళ్ళ ఫర్నిచర్ షాపు 1867 నుంచి ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలను తట్టుకుంది. ఆ ఒక్క రాత్రికి బూడిదైంది. ఇందులో డగ్గన్ ఎక్కడున్నాడు? పేదరికం ఎక్కడుంది? దొరికింది, దోచారు. కారణాలు వెతకడమంటే వాళ్ళకి వత్తాసు పలకడమే.

మేనకోడలు: ఆకలితో వచ్చారని నేనెప్పుడూ అనలేదు మామయ్యా. కానీ కోర్టుకి వచ్చినవాళ్ళెవరో చూడు. ప్రభుత్వ లెక్కే చెబుతాను. పట్టుబడ్డ స్కూలు పిల్లల్లో 42 శాతం మంది బడిలో ఉచిత భోజనం తీసుకునేవాళ్ళు. మామూలుగా అది 16 శాతం. పెద్దవాళ్ళలో 35 శాతం మంది ఉద్యోగం లేక భృతి మీద బతుకుతున్నవాళ్ళు. దొంగబుద్ధి ఒక్కటే కారణమైతే అది అన్ని పేటల్లోనూ ఒకేలా కనిపించాలిగా?

మామయ్య: అదే ప్రభుత్వ లెక్కలో ఇంకో మాటుంది, అది నువ్వు చెప్పవు. కోర్టుకొచ్చినవాళ్ళలో 76 శాతం మంది మీద అంతకుముందే శిక్షో, పోలీసు హెచ్చరికో ఉంది. పాత నేరస్థులమ్మా. అదే వీధిలో, అంతే పేదరికంలో ఉన్న వేలమంది ఆ రాత్రి తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నారు. నా షాపులో పనిచేసే పిల్లాడిదీ అదే పేదల కాలనీ. తెల్లారి వచ్చి నాతో కలిసి గాజుపెంకులు ఊడ్చాడు. పేదరికం వల్ల దోచారంటే నువ్వు అవమానిస్తున్నది వాణ్ణే.

(మొత్తం వాదనలో నాకు బాగా తగిలిన మాట ఇది. కారణాల గురించి రాసే మేం చాలామందిమి ఆ పిల్లాణ్ణి లెక్కలోకి తీసుకోం.)

మేనకోడలు: ఆ పిల్లాడికి నీ షాపులో ఉద్యోగం ఉంది. నీతో ఒక బంధం ఉంది. పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటుంది. అలాంటి చోటు లేనివాళ్ళ గురించి నేను చెబుతున్నా. టాటెన్‌హామ్ ఉన్న హారింగే కౌన్సిల్ ఆ ఏడాది 13 యూత్ సెంటర్లలో 8 మూసేసింది. వారానికి 30 పౌండ్ల దాకా వచ్చే కాలేజీ భత్యాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. అల్లర్లకి వారం ముందు, ఆ మూతపడ్డ సెంటర్ల మీద ఓ పత్రిక తీసిన వీడియోలో ఒక కుర్రాడు అల్లర్లు జరుగుతాయని కెమెరా ముందే చెప్పాడు. ఎవరు విన్నారు?

మామయ్య: క్యారమ్స్ బోర్డు తీసేస్తే విస్కీ దొంగిలిస్తారా? పోనీ, ఎలా ఆగిందో చెప్పు. యూత్ సెంటర్లు తెరిచారా? లేదు. మంగళవారం రాత్రి లండన్‌లో 16 వేల మంది పోలీసుల్ని దింపారు, ఆగిపోయింది. అంతకుముందు పోలీసులు వెనక్కి తగ్గి నిలబడటం టీవీలో అందరూ చూశారు. ఎవరూ పట్టుకోవట్లేదని బ్లాక్‌బెర్రీ మెసేజిలు తిరిగాయి. మా షట్టర్లు వంగింది అందుకే.

మేనకోడలు: ఆ రాత్రే ఎందుకు జరిగిందో నువ్వు చెప్పావు. ఒప్పుకుంటా. పోలీసులు లేకపోవడం ఒక అవకాశం. కానీ అవకాశం దొరకగానే పోలీసుల మీదికే ఎందుకెళ్ళారు? ఒక పత్రిక, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కలిసి అల్లర్లలో పాల్గొన్న 270 మందితో మాట్లాడాయి. 85 శాతం మంది పోలీసుల తీరు ఒక ముఖ్య కారణమన్నారు. నడుస్తున్నవాణ్ణి ఆపడం, జేబులు వెతకడం, స్కూలు యూనిఫాంలో ఉన్నా వదలకపోవడం. డగ్గనే ముందు కాల్చాడన్న భావన కలిగేలా దర్యాప్తు సంస్థ మీడియాకి చెప్పి, తర్వాత అది తప్పని ఒప్పుకుంది. ఇవన్నీ కలిపి చూడకపోతే ఎలా?

మామయ్య: దొంగని అడిగితే పోలీసు మంచివాడని చెబుతాడా? డగ్గన్‌ని కాల్చడం చట్టబద్ధమేనని 2014లో ఇంక్వెస్ట్ (మరణ విచారణ) జ్యూరీ తేల్చింది.

మేనకోడలు: కాల్చే సమయానికి అతని చేతిలో తుపాకీ లేదని కూడా అదే జ్యూరీ అంది. రెండూ కలిపి చెప్పాలి.

మామయ్య: సరే, కలిపే చెబుదాం. డగ్గన్‌కి న్యాయం కావాలన్నవాళ్ళు పోలీస్ స్టేషన్ ముందు నిలబడ్డారు, వాళ్ళకి దండం పెడతా. బర్మింగ్‌హామ్‌లో తమ వీధిని కాపాడుకుంటున్న ముగ్గురు కుర్రాళ్ళని కారు గుద్ది చంపింది. వాళ్ళలో ఒకరి తండ్రి, కొడుకు పోయిన మర్నాడే బయటికొచ్చి ప్రతీకారం వద్దు, ఇళ్ళకి వెళ్ళండని బతిమాలాడు. కోపానికి ఆయన కన్నా ఎక్కువ కారణం ఎవరికుంది? ఆయన రాయి ఎత్తలేదే.

(మేనకోడలు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు.)

మేనకోడలు: ఆయన్ని చూసి నాకూ కళ్ళు తడిశాయి. కానీ దేశాన్ని అలాంటి మనిషి గుండె మీద నడపలేం మామయ్యా. ఆ గుండె అందరికీ ఉండదు. ఇంకో సంగతి. నీకు నష్టపరిహారం ఏ చట్టం కింద వచ్చింది?

మామయ్య: 1886 నాటి చట్టం. 14 రోజుల్లో అర్జీ పెట్టాలన్నారు, తర్వాత 42 రోజులకి పెంచారు. డబ్బు చేతికి రావడానికి ఎన్ని ఉత్తరాలు రాశానో! రసీదులు అడిగారు. రసీదులు షాపుతో పాటే పోయాయి.

మేనకోడలు: ఆ చట్టం ఎలా వచ్చిందో చూడు. 1886 ఫిబ్రవరిలో పనిలేని కూలీలు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సభ పెట్టుకున్నారు. అక్కడినుంచి కొందరు పాల్‌మాల్ క్లబ్బుల కిటికీలు పగలగొట్టి, పికడిల్లీలో షాపులు దోచారు. నష్టం పోలీసు నిధి భరించాలని పార్లమెంటు చట్టం చేసింది. మామూలు రోజున దొంగ పడితే పోలీసులు నీకు పైసా ఇవ్వరు. అల్లర్లయితే ఇస్తారు. అంటే అల్లర్లంటే దొంగతనం మాత్రమే కాదని చట్టం 1886లోనే ఒప్పుకుంది.

మామయ్య: శాంతి కాపాడటం పోలీసుల పని, కాపాడలేదు కాబట్టి కట్టాలంది. దోచినవాడి బాల్యం గురించి అందులో ఒక్క ముక్కా లేదు. పైగా పోలీసు నిధిలోకి నా కౌన్సిల్ టాక్స్ కూడా పోతుంది. సరే, 2024కి రా. సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లల్ని ఒకడు పొడిచి చంపాడు. పడవలో వచ్చిన శరణార్థి అని అబద్ధం ప్రచారం చేశారు. వాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. మసీదు మీద రాళ్ళు వేశారు. రాథర్‌హామ్ దగ్గర శరణార్థులున్న హోటల్‌ని మనుషులు లోపలుండగానే తగలబెట్టబోయారు. మిడిల్స్‌బ్రోలో కార్లు ఆపి, తెల్లవాడివేనా అని అడిగారు. ఇమ్మిగ్రేషన్ లాయర్ల ఆఫీసుల జాబితా ఫోన్లలో తిరిగింది. మీ ఆఫీసు కిటికీలకి చెక్కలు కొట్టారు. ఆ రోజు వాళ్ళ పేదరికం గురించి ఒక్క మాటన్నావా?

మేనకోడలు: అనలేదు. ఆ రోజు నాకు ఒళ్ళంతా టెన్షన్. అమ్మ గంటకోసారి ఫోన్ చేసింది.

మామయ్య: మరి ఆ ఊళ్ళు? మిడిల్స్‌బ్రో, హార్టిల్‌పూల్, హల్. ఇంగ్లండ్‌లో బాగా పేద ఊళ్ళు. నీ సూత్రం ప్రకారం వాళ్ళకీ కారణాలుండాలి. మన షాపు మీద పడితే పేదరికం, మన ప్రాణం మీదికొస్తే జాత్యహంకారమా?

మేనకోడలు: రెండూ ఉన్నాయి. జాతి ద్వేషం నిజం. ఆ అబద్ధాన్ని కావాలని పంచినవాళ్ళున్నారు, వాళ్ళని నేను క్షమించను. కానీ సూత్రం మార్చను. ఆ అల్లర్లలో కేసులు పడ్డ పిల్లలతో మాట్లాడి, పిల్లల హక్కులు చూసే ఇంగ్లండ్ చిల్డ్రన్స్ కమిషనర్ 2025లో నివేదిక ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమందిని లాగింది సిద్ధాంతం కాదట. పోలీసుల మీద కోపం, ఏం జరుగుతుందో చూద్దామన్న ఉత్సాహం, తమ ఊళ్ళో తమకేమీ లేదన్న భావన. 2011 పిల్లల మాటలూ దాదాపు ఇవే. చర్మం రంగు మారింది, అంతే.

మామయ్య: అయితే ఆ హోటల్‌కి నిప్పు పెట్టినవాడిని ఏం చేయమంటావు?

మేనకోడలు: ఏళ్ళ తరబడి జైలు. లోపల మనుషులున్నారు. అదే చట్టం 2011లో బ్రిక్స్‌టన్‌లో మూడున్నర పౌండ్ల నీళ్ళ సీసాలు ఎత్తుకెళ్ళిన, పాత కేసులేవీ లేని విద్యార్థిని ఆరు నెలలు లోపలేసింది. దాన్ని మాత్రం నేను న్యాయమనను. శిక్ష మనిషి చేసినదాన్ని బట్టి ఉండాలి. ఊరికి కావాల్సింది వేరు: బస్సు, కాలేజీ, సాయంత్రం తెరిచి ఉండే ఒక చోటు.

మామయ్య: అంటే వాడికి జైలు, వాడి ఊరికి డబ్బు. మరి దాని పక్క ఊరు? అంతే పేదది, ఒక్క రాయి విసరనిది. దానికి ఏమిస్తావు?

మేనకోడలు: దానికే ముందివ్వాలి.

మామయ్య: అది నేనూ ఒప్పుకుంటా. కానీ ఇవ్వరు. మంత్రి వచ్చేది కాలిన వీధికే, మాటిచ్చేదీ అక్కడే. అది చూసే కుర్రాడు ఏం నేర్చుకుంటాడో నీ నివేదికల్లో ఎవరైనా అడిగారా?

మేనకోడలు: అడగలేదు. అడగాలి, మామయ్యా. నీ షాపులో పనిచేసిన ఆ పిల్లాణ్ణే మొదట అడగాలి.