దెబ్బలు తిన్న పెదనాన్న ఆరోగ్యం

ఏ పెళ్లికెళ్లినా భోజనాల దగ్గర ఒక పెదనాన్న తగులుతాడు. "మేం దెబ్బలు తిని పెరగలేదా? మాకేమైంది?" అంటాడు. నిజమే, ఆయనకేమీ కాలేదు. పప్పులో ఉప్పు తగ్గితే కంచం విసిరేస్తాడు, అంతే. ఆయన గుమ్మంలోకి రాగానే టీవీ గొంతు తగ్గుతుంది. రెండు పెగ్గులు పడందే నిద్ర పట్టదు. ఇంతకన్నా ఆరోగ్యం ఎవరికి కావాలి?

ఆయన పెంపకం ఎలాంటిదో మొన్న కళ్లారా చూశాం. ఊరేగింపులో టపాకాయలకు జడిసి ఆరేళ్ల మనవడు ఏడుపందుకున్నాడు. "భయమేంట్రా, ఏం లేదు" అన్నాడు పెదనాన్న. వాడు ఆపలేదు. "మగపిల్లాడివి, ఏడవడానికి సిగ్గులేదూ?" అయినా ఆపలేదు. వీపు మీద ఒక్కటిచ్చాడు. ఏడవడానికి ఇంకో కారణం దొరికింది కదా, వాడు గట్టిగా అందుకున్నాడు. "కొడితే ఏడుస్తావా? ఆపు, లేకపోతే ఇంకోటి పడుద్ది!" వాడు ఎక్కిళ్లు మింగాడు. "ఏదీ, నవ్వు, ఫొటో తీస్తున్నారు." నవ్వాడు. "చూశారా, ఎలా దారికొచ్చాడో!" అందరూ తలలూపి జిలేబీ వడ్డించుకున్నారు.

తన భయం భయం కాదని, నొప్పి నొప్పి కాదని వాడికి పది నిమిషాల్లో నేర్పేశారు. పుట్టుకతోనే సున్నితమైన పిల్లలు, వాళ్ల బాధను ఇలా కొట్టిపారేసే ఇళ్లలో పెరిగితే, పెద్దయ్యాక తమ ఆవేశాల్ని తామే పట్టలేకపోతారని మార్షా లీనహాన్ అనే సైకాలజిస్టు 1993లోనే రాసింది. 1998లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో 9,508 మంది పెద్దవాళ్లను చిన్ననాటి సంగతులు అడిగారు. దెబ్బలు, తిట్లు, ఇంట్లో తాగుడు లాంటివి నాలుగు రకాలు, అంతకు మించి చవిచూసినవాళ్లలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. పెదనాన్న ఒప్పుకోడు. ఆ లెక్కలో ఆయన్ని అడగలేదు కదా!

ఇలాంటి ఇంట్లోంచే ఒక పిల్ల ఇంటర్ హాస్టల్‌కి వెళ్తుంది. "నాన్నా, నా వల్ల కావట్లేదు" అని ఫోన్ చేస్తుంది. "నీకేం టెన్షనే? ఫీజు కట్టేది నువ్వా నేనా?" అంటాడు నాన్న. ఆ పిల్ల మళ్లీ చెప్పదు. ఎందుకు చెబుతుంది? చెప్పుకుంటే ఇంకోటి పడుతుందని ఆరేళ్లకే నేర్పారుగా! చివరికి డాక్టరు ముందు కూర్చుని, "మాతో ఒక్క మాటైనా అనలేదండీ" అని ఆశ్చర్యపోతారు.

చెప్పిందయ్యా! ఏడ్చి మరీ చెప్పింది. నీకు ఫీజు తప్ప ఇంకేం వినపడలేదు.