వాగు పెద్దదే, మట్టం పెంచింది మాత్రం బోరు

మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్ ప్రకృతి వదిలేదానిలో ఇరవయ్యో వంతేనని వాతావరణ మార్పును కొట్టిపారేసేవారు తరచూ అంటారు. చిక్కేమిటంటే, ఆ అంకె దాదాపు సరైనదే. నేల, చెట్లు, జీవజాలం, సముద్రాలు కలిసి ఏటా సుమారు 75,000 కోట్ల టన్నులు వదులుతాయి. మన పొగగొట్టాలు, వాహనాలు, సిమెంటు బట్టీలు, నరికిన అడవుల లెక్క 4,000 కోట్ల టన్నులకు కాస్త పైన.

తప్పంతా అక్కడితో లెక్క ఆపేయడంలో ఉంది. ఊరి చెరువులోకి వాగు తెచ్చిన నీళ్లు తూముల గుండా పోతూ మట్టం నిలకడగా ఉందనుకోండి. గట్టున ఎవరో బోరు వేసి పాతాళంలోని నీళ్లు రాత్రింబవళ్లు చెరువులోకి తోడితే మట్టం పెరుగుతుంది. వాగు ముందు బోరు ధార ఎంత అని వాదిస్తే మునిగిన పొలం తేలదు. నిజానికి తూములూ ఇప్పుడు ఎక్కువే లాగుతున్నాయి. నేల, సముద్రం తాము వదిలినదంతా తిరిగి తీసుకోవడమే కాక, మనం వదిలినదానిలో దాదాపు సగం మింగుతున్నాయి. గాలిలో పేరుకుంటున్నది మిగతా సగం.

మరి అగ్నిపర్వతాలో? అన్నీ కలిపినా ఏడాదికి 50 కోట్ల టన్నులు దాటవు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పేలిన పినటుబో సుమారు 5 కోట్ల టన్నులు వదిలింది. ఇప్పుడు మనకది సగం రోజు పని. 1958 నుంచి ఈ వాయువును కొలుస్తున్న హవాయిలోని మౌనా లోవా కేంద్రం ఉన్నదీ అగ్నిపర్వతం మీదే. అప్పట్లో పది లక్షల భాగాలకు 315 ఉన్నది ఇప్పుడు 420 దాటింది.

గాలిలోని కార్బన్‌కు పుట్టుమచ్చలూ ఉన్నాయి. కార్బన్-14 అనే రకం కార్బన్ వేల ఏళ్లలో దానంతటదే తరిగిపోతుంది కనుక, ఇరవై అయిదు కోట్ల ఏళ్లు దాటిన సింగరేణి బొగ్గులో దాని ఆనవాలే ఉండదు. మొక్కలు తేలికైన కార్బన్‌నే ఎక్కువగా పట్టుకుంటాయి కనుక, వాటి నుంచి పుట్టిన బొగ్గులో కాస్త బరువైన రకం కార్బన్-13 కూడా తక్కువే. బొగ్గు, చమురు కాల్చేకొద్దీ ఈ రెండూ గాలిలో పలచబడ్డాయి. 1955లోనే శాస్త్రవేత్త హాన్స్ స్యూస్ చెట్ల వలయాల్లో మొదటి ఆనవాలును పట్టుకున్నారు. 1950ల నుంచి అణుపరీక్షలు కార్బన్-14 లెక్కను కొన్నాళ్లు కలగాపులగం చేశాయనుకోండి, అది వేరే కథ.

నా బెంగ తూముల గురించి. వేడెక్కిన సోడాలో గ్యాసు నిలవనట్టే, వేడెక్కిన సముద్రంలోనూ ఈ వాయువు తక్కువ కరుగుతుంది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగితే అందులోని కార్బన్ బయటపడుతుంది. దాన్ని నేనైతే ప్రకృతి ఖాతాలో రాయను.